ఉక్రెయిన్ పాస్‌పోర్ట్‌తో ఫ్రీలాన్స్ పని: వీసా లేకుండా ఎక్కడికి వెళ్లొచ్చు, రోజులు ఎలా లెక్కపెట్టాలి

“అన్నా, మా ఆవిడది ఉక్రెయిన్ పాస్‌పోర్ట్. ఇంట్లో కూర్చునే డిజైన్ పని చేస్తుంది. వీసా లేకుండా స్పెయిన్ వెళ్లి మూడు నెలలు అక్కణ్నుంచే పని చేసుకోవచ్చా?” ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు ప్రతి నెలా వస్తుంది. అడిగేవాళ్లలో ఖార్కివ్‌లోనో వినిత్సియాలోనో మెడిసిన్ చదివి అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్‌లో చిన్న కంపెనీ పెట్టి ల్వీవ్ డెవలపర్లతో పని చేయించుకునేవాళ్లున్నారు. నాలాగే పోలండ్‌లో ఉద్యోగం చేస్తూ, పక్క కుర్చీలో ఉక్రెయిన్ సహోద్యోగి ఉన్నవాళ్లూ ఉన్నారు. ప్రతిసారీ వాట్సాప్‌లో పేజీలకు పేజీలు టైప్ చేసే బదులు ఒక్కసారి వరసగా రాసిపెడుతున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. వీసా అక్కర్లేదంటే గేటు తీసి లోపలికి రానిస్తారని, అంతవరకే. లోపల ఎన్నాళ్లుండొచ్చు, ఉన్నన్నాళ్లూ సంపాదించుకోవచ్చా, సంపాదించినదాని మీద పన్ను ఎవరికి కట్టాలి అన్నవి మూడూ వేరే ప్రశ్నలు. నాకొచ్చే మెసేజ్‌లలో సగం గందరగోళం ఈ నాలుగింటినీ ఒకే ముద్ద చేయడం వల్ల పుట్టిందే.

మనవాళ్ల కోసం ఇంకో మాట. ఇక్కడ రాసిందంతా ఉక్రెయిన్ పౌరులకే వర్తిస్తుంది. చదువుకునేటప్పుడో పెళ్లయ్యాకో మీరు తీసుకున్న ఉక్రెయిన్ రెసిడెన్స్ కార్డుతో, అదే అక్కడ ‘పోస్విద్కా’ అంటారు, ఇవేవీ కుదరవు. మీది ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంజెన్ వీసా, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే వీసా, కావాల్సిందే. భార్యకు వీసా అక్కర్లేదు కదా అని ఇద్దరికీ టికెట్లు తీసుకుని, చివరికి ఆమె ఒక్కతే విమానం ఎక్కాల్సి వచ్చిన జంట నాకు తెలుసు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

బయోమెట్రిక్ పాస్‌పోర్ట్, అసలుది. గత ఏడాది ప్రయాణాల తేదీలు, వాటికి ఆధారాలు: బోర్డింగ్ పాస్‌లు, బస్సు, రైలు టికెట్లు, స్టాంపు పడిన పేజీల ఫొటోలు. ఏదైనా దేశంలో తాత్కాలిక రక్షణ (యుద్ధం వల్ల ఉక్రెయిన్ వదిలి వచ్చినవాళ్లకు యూరోపియన్ యూనియన్ దేశాలు ఇచ్చే హోదా) గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉంటే ఆ కార్డు. క్లయింట్లతో చేసుకున్న ఒప్పందాలు, కనీసం మూడు నెలల ఇన్‌వాయిస్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్. ఉక్రెయిన్‌లో వ్యక్తిగత వ్యాపారిగా నమోదై ఉంటే, అంటే ‘ఫోప్’ అయితే, ఆ నమోదు పత్రం. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లయితే సైనిక నమోదు పత్రం కూడా. ఇవి కాక ఒక చిన్న నోట్‌బుక్ గానీ ఎక్సెల్ షీట్ గానీ కావాలి. అన్నింటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఈ చివరిదే.

1. పాస్‌పోర్ట్‌ను సరిగ్గా చూడండి

అట్ట మీద చిప్ గుర్తు ఉందా? చిన్న దీర్ఘచతురస్రం, మధ్యలో గుండ్రం ఉంటుంది. ఉక్రెయిన్ 2015 నుంచి ఇలాంటి పాస్‌పోర్టులు ఇస్తోంది. ఉక్రెయిన్ పౌరులకు యూరోపియన్ యూనియన్ 2017 జూన్ 11న వీసా తీసేసింది బయోమెట్రిక్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకే.

తర్వాత తేదీలు. షెంజెన్ నుంచి బయటికొచ్చే రోజు తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్ట్ చెల్లాలి. పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటి ఉండకూడదు. పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ పదేళ్లకు ఇస్తారు, 16 ఏళ్ల లోపు పిల్లలది నాలుగేళ్లకే. తల్లిదండ్రుల పాస్‌పోర్ట్ బాగానే ఉండి పిల్లాడిది అయిపోయిందని బయల్దేరే వారంలో కనిపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. యుద్ధం మొదలయ్యాక కొందరు పాత పాస్‌పోర్ట్ మీదే గడువు పొడిగిస్తూ స్టాంపు వేయించుకున్నారు. దాన్ని అన్ని దేశాలూ ఒప్పుకోవు, వెళ్లబోయే దేశాన్ని ముందే అడగండి.

మగవాళ్ల సంగతి వేరే. 2024 మే 18న అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం, 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు విదేశంలో కొత్త పాస్‌పోర్ట్‌కు పెట్టుకోవాలంటే సైనిక నమోదు వివరాలు సరిగా ఉన్న పత్రం చూపాలి. ‘రిజర్వ్ ప్లస్’ యాప్‌లో అది వస్తుంది. కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఏడాదికన్నా తక్కువ మిగిలిందంటే ప్రయాణాల ప్లాన్ ఆపి ముందు ఈ పని చూడండి. ఇంకా ఉక్రెయిన్ లోపలే ఉన్న మగవాళ్లకు దేశం దాటడం మీదే ఆంక్షలున్నాయి. 2025 ఆగస్టు చివర్లో 18 నుంచి 22 ఏళ్లవాళ్లకు సడలించారు. మిగతావాళ్లకు మినహాయింపు పత్రం కావాలి. దీనికి అడ్డదారి చెప్పమని నన్ను అడగొద్దు.

2. ఏ హోదాలో ఉన్నారో రాసుకోండి

ఉక్రెయిన్ ఫ్రీలాన్సర్ యూరప్‌లో మూడు హోదాల్లో దేనిలోనైనా ఉండొచ్చు. ఒకటి, ఏ కార్డూ లేకుండా వీసా రహిత సందర్శకుడిగా. రెండు, తాత్కాలిక రక్షణలో. ఇది 2022 మార్చి 4న మొదలైంది, 2027 మార్చి 4 వరకు పొడిగించారు. మూడు, మామూలు రెసిడెన్స్ పర్మిట్ మీద.

మొదటిదానిలో పని హక్కు రాదు. రెండోదానిలో ఉద్యోగమూ చేయొచ్చు, సొంతంగా వృత్తీ చేసుకోవచ్చు, కానీ కార్డు ఇచ్చిన దేశంలోనే. మూడోదానిలో పర్మిట్ మీద రాసిన షరతులే షరతులు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. పోలండ్‌లో తాత్కాలిక రక్షణ ఉన్న మనిషికి పోలండ్‌లో గడిపిన రోజులు 90 రోజుల లెక్కలోకి రావు. ఆ మనిషే ఇటలీ వెళ్తే ఇటలీ రోజులు లెక్కలోకి వస్తాయి. అక్కడ పని హక్కు కూడా పోలండ్ కార్డుతో రాదు. ఎక్కువ రోజులు బయట తిరిగితే తాత్కాలిక రక్షణే పోయే ప్రమాదమూ ఉంది. పోలండ్‌లో 30 రోజులు దాటి దేశం బయట ఉంటే హోదా రద్దయ్యే నియమం వల్ల జార్జియా రాజధాని టిబిలిసిలో రెండు నెలలు గడిపి వచ్చి తల పట్టుకున్నవాళ్లున్నారు. బయల్దేరే ముందు మీ కార్డు ఇచ్చిన దేశంలో ఈ గడువు ఎంతో తెలుసుకోండి.

3. రోజులు లెక్కపెట్టండి, చేత్తో

షెంజెన్‌లో నియమం ఇది: ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. ఇందులో ‘ఏ’ అన్న అక్షరమే అందరినీ ముంచుతుంది. క్యాలెండర్‌లో జనవరి నుంచి జూన్ దాకా ఒక ముక్క, జూలై నుంచి డిసెంబర్ దాకా ఒక ముక్క అని కాదు. ఈ రోజు నుంచి వెనక్కి 180 రోజులు, ఈ రోజుతో కలిపి, చూడాలి. రేపు మళ్లీ రేపటి నుంచి వెనక్కి చూడాలి. కిటికీ రోజుకో అడుగు ముందుకు జరుగుతూ ఉంటుంది.

నోట్‌బుక్‌లో ఐదు గళ్లు గీయండి: దేశం, లోపలికి వెళ్లిన తేదీ, బయటికొచ్చిన తేదీ, రోజులు, ఆధారం. వెళ్లిన రోజూ లెక్కే, వచ్చిన రోజూ లెక్కే. రాత్రి 11.40కి దిగినా అది ఒక పూర్తి రోజు.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. తాత్కాలిక రక్షణ లేని ఒక డిజైనర్ 2026 జనవరి 10న పోలండ్‌లోకి వచ్చి ఫిబ్రవరి 28న బయటికెళ్లింది. జనవరిలో 22, ఫిబ్రవరిలో 28, మొత్తం 50 రోజులు. తర్వాత జార్జియాలో ఉంది. మే 15న స్పెయిన్‌కు వచ్చింది. ఇంకా ఎన్ని రోజులు మిగిలాయి? 40. మేలో 17 రోజులు పోతాయి, జూన్‌లో 23. అంటే జూన్ 23 ఆమె 90వ రోజు. ఆ రాత్రి 12లోపు షెంజెన్ దాటాలి. జూన్ 23 నుంచి వెనక్కి 180 రోజులు లెక్కేస్తే కిటికీ డిసెంబర్ 26న మొదలవుతుంది. జనవరి 10 ఇంకా లోపలే ఉంది, కాబట్టి పాత రోజు ఒక్కటీ రాలిపోలేదు.

అప్పుడు మళ్లీ ఎప్పుడు రావచ్చు? చాలామంది “90 రోజులు బయట ఉండాలి” అంటారు. ఈమె విషయంలో అది తప్పు. జూలై 9న కిటికీ జనవరి 11కి జరుగుతుంది, జనవరి 10 రాలిపోతుంది. ఆ రోజు ఆమెకు ఒక రోజు దొరుకుతుంది. మర్నాడు జనవరి 11 రాలుతుంది, ఇంకో రోజు. ఇలా జనవరి, ఫిబ్రవరిల్లో వాడిన 50 రోజులూ ఒక్కొక్కటే తిరిగొస్తాయి కాబట్టి జూలై 9న వచ్చి ఆగస్టు 27 వరకు వరసగా ఉండొచ్చు. ఆగస్టు 28న మాత్రం 91 అవుతుంది. ఎందుకంటే తర్వాత రాలాల్సినవి మే 15 నుంచి వాడిన రోజులు, వాటి వంతు నవంబర్ 11 దాకా రాదు. వాడిన వరసలోనే రోజులు తిరిగొస్తాయని గుర్తుపెట్టుకుంటే ఎక్కడా చిక్కుపడరు.

చేత్తో చేశాక యూరోపియన్ కమిషన్ సైట్‌లో ఉన్న షార్ట్ స్టే కాలిక్యులేటర్‌లో అవే తేదీలు కొట్టి సరిచూడండి. రెండూ కలవకపోతే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక ట్రాన్సిట్ రోజులో ఉంటుంది.

మా టీమ్‌లో ఒకమ్మాయికి అదే జరిగింది. తన లెక్కలో 88 రోజులు. ఎయిర్‌పోర్టులో అధికారి పాస్‌పోర్ట్ పేజీలు ఒక్కొక్కటీ తిప్పి, పక్కన కాగితం మీద పెన్సిల్‌తో అంకెలు వేసి, 91 అని చూపించాడు. తేడా మూడు రోజులు. కీవ్ నుంచి రైల్లో వచ్చి వార్సా ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కిన మూడు ప్రయాణాలు అవి. “నేను పోలండ్‌లో ఉండలేదు కదా, దాటి వెళ్లానంతే” అని తను అనుకుంది. దాటడానికి లోపలికి వచ్చినా వచ్చినట్టే. జరిమానా కట్టి, ఆ టెన్షన్‌లో విమానం కూడా పోగొట్టుకుంది.

4. రోజులు ఏ సంచిలోంచి పోతాయో చూసి దేశాలు ఎంచుకోండి

ఇప్పుడు షెంజెన్‌లో 29 దేశాలున్నాయి. 2023 జనవరి 1న క్రొయేషియా చేరింది. రొమేనియా, బల్గేరియాలకు 2025 జనవరి 1 నుంచి నేల సరిహద్దుల దగ్గర కూడా తనిఖీలు ఎత్తేశారు. పాత సలహాలు ఇప్పటికీ “షెంజెన్ రోజులైపోతే రొమేనియాలో కూర్చో” అంటుంటాయి. ఇప్పుడది పనిచేయదు. ఈ 29 దేశాలదీ ఒకటే సంచి.

వేరే సంచులున్న దేశాలు ఇవి.

సైప్రస్, ఐర్లండ్: యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంజెన్‌లో లేవు, రోజులు విడిగా లెక్క. ఐర్లండ్‌లో ఉన్నప్పుడు సరదాగా బెల్‌ఫాస్ట్ దాకా బస్సెక్కకండి. అది బ్రిటన్, అక్కడికి ఉక్రెయిన్ పౌరులకు వీసా కావాలి. అమెరికా, కెనడాలకూ కావాలి.

మోల్డోవా, సెర్బియా, మాంటెనెగ్రో, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా: ఒక్కోదానికి విడివిడిగా 90 రోజుల లెక్క. సెర్బియాలో దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర నమోదు కావాలి. దాన్ని ‘బెలీ కార్తోన్’, తెల్ల కార్డు అంటారు. హోటల్‌లో దిగితే వాళ్లే చేస్తారు. అద్దె ఫ్లాట్‌లో దిగితే ఇంటి ఓనర్ చేయాలి, ఆయన మర్చిపోతాడు, వెంటపడాల్సింది మీరే.

తుర్కియే: 180 రోజుల్లో 90. పాస్‌పోర్ట్ లేకుండా ఉక్రెయిన్ ఐడీ కార్డుతో కూడా వెళ్లొచ్చు.

జార్జియా: ఇక్కడ మాత్రం ఏడాది పాటు వీసా లేకుండా ఉండొచ్చు. అందుకే ఫ్రీలాన్సర్లందరి దారీ టిబిలిసి వైపే. చిన్న వ్యాపార హోదా తీసుకుంటే ఏడాదికి 5 లక్షల లారీల (లారీ అంటే అక్కడి కరెన్సీ) టర్నోవర్ వరకు 1 శాతం పన్నే. కానీ రెండు కొత్త విషయాలు పాత సలహాల్లో ఉండవు. 2026 మొదటి నుంచి వచ్చే సందర్శకులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. 2026 మార్చి 1 నుంచి అక్కడ సొంతంగా వృత్తి చేసుకునే విదేశీయులకు కూడా వర్క్ పర్మిట్ కావాలి. ఏడాది ఉండనిస్తారు సరే, వ్యక్తిగత వ్యాపారిగా నమోదు చేసుకోవాలంటే ముందు పర్మిట్ సంగతి చూసుకోండి.

ఇండియా గురించీ అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నాను. గుంటూరులో అత్తగారింటికి తీసుకురావాలంటే ఉక్రెయిన్ పాస్‌పోర్ట్‌కు ఈ-వీసా వస్తుంది, ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఇండియాకు వీసా లేకుండా రావడం కుదరదు. పెళ్లి రిజిస్టర్ అయి రెండేళ్లు నిండితే ఓసీఐకి, అంటే ప్రతిసారీ వీసా అక్కర్లేకుండా ఇండియాకు వచ్చిపోయే కార్డుకి, పెట్టుకునే అర్హత వస్తుంది. తరచూ వచ్చిపోయేవాళ్లకు అదే మేలు.

5. పని హక్కును విడిగా తేల్చుకోండి

వీసా రహిత ప్రవేశం పర్యటన, బంధువుల ఇల్లు, కాన్ఫరెన్స్, క్లయింట్‌తో మీటింగ్ లాంటివాటికి. జీతం, ఫీజు వచ్చే పనికి వీసా అడిగే అధికారం ప్రతి సభ్యదేశానికీ ఉంది. మరి హోటల్ గదిలో కూర్చుని హైదరాబాద్ క్లయింట్‌కు లోగో గీసి పంపడం పనే కదా? పనే. దాన్ని ఒక్కో దేశం ఒక్కోలా చూస్తుంది. రెండు వారాల ట్రిప్‌లో లాప్‌టాప్ తెరిచారని ఎవరూ పట్టుకెళ్లరు, అది నిజమే. అయినా మూడు నెలలు ఒకేచోట కూర్చుని, అక్కడి కంపెనీకి ఇన్‌వాయిస్ వేస్తూ “నేను టూరిస్టుని” అనడం వేరే సంగతి. నా సలహా ఇది: స్థానిక క్లయింట్ ఉంటే వీసా రహిత రోజుల మీద ఆ పని ముట్టుకోవద్దు. విదేశీ క్లయింట్ పనే అయితే ఆ దేశ వలస శాఖ ఏమంటుందో రాతపూర్వకంగా అడిగి, వచ్చిన మెయిల్ దాచుకోండి.

ఎక్కువకాలం ఉండాలనుకుంటే సరైన దారులున్నాయి.

స్పెయిన్ అంతర్జాతీయ రిమోట్ పని అనుమతి. వీసా లేకుండా స్పెయిన్‌లోకి వెళ్లి, ఆ 90 రోజుల్లోపే లోపల నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడేళ్ల వరకు ఇస్తారు. ఉక్రెయిన్ ఫ్రీలాన్సర్లకు వీసా రహిత ప్రవేశం నిజంగా కలిసొచ్చేది ఇక్కడే. క్లయింట్‌తో కనీసం మూడు నెలల సంబంధం, ఆ కంపెనీకి కనీసం ఏడాది వయసు, డిగ్రీ గానీ మూడేళ్ల అనుభవం గానీ, స్పెయిన్ కనీస వేతనానికి రెట్టింపు ఆదాయం చూపాలి. స్పెయిన్ కంపెనీల నుంచి వచ్చేది మొత్తం పనిలో 20 శాతం మించకూడదు. 85వ రోజు దరఖాస్తు మొదలుపెట్టకండి. క్రిమినల్ రికార్డు లేదన్న సర్టిఫికెట్, దాని అనువాదం తెప్పించుకోవడానికే నెల పడుతుంది. ఉక్రెయిన్‌లోనో మీరున్న దేశంలోనో దాన్ని ముందే తీసుకుని బయల్దేరండి.

పోర్చుగల్ రిమోట్ పనివాళ్లకిచ్చే డీ8 వీసాకు అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం చూపాలి. క్రొయేషియా డిజిటల్ నోమాడ్లకు, అంటే దేశాలు తిరుగుతూ ఆన్‌లైన్‌లో పని చేసుకునేవాళ్లకు, 18 నెలల వరకు అనుమతి ఇస్తోంది. తుర్కియే డిజిటల్ నోమాడ్ పథకంలో ఉక్రెయిన్ కూడా ఉంది: 21 నుంచి 55 ఏళ్ల వయసు, డిగ్రీ, నెలకు 3,000 డాలర్ల ఆదాయం ఉండాలి.

ఎస్టోనియా ఈ-రెసిడెన్సీ తీసుకుని “నాకు యూరప్ రెసిడెన్సీ ఉంది” అనుకునేవాళ్లు కనీసం పదిమంది తగిలారు నాకు. అది కంపెనీ నడుపుకోవడానికి ఇచ్చే డిజిటల్ కార్డు. దానితో ఎస్టోనియాలోకి అడుగు పెట్టే హక్కు కూడా రాదు.

ఇవన్నీ చూడకముందు ఒకటి ఆలోచించండి. ఉక్రెయిన్‌లో ఇల్లు వదిలి వచ్చిన మనిషికి తాత్కాలిక రక్షణ దొరికే అవకాశం ఉంటే, అన్నిటికన్నా తేలికైన పని హక్కు అదే. “శరణార్థి అనిపించుకోవడం ఇష్టం లేదు” అని దాన్ని వదిలేసి, నెలనెలా సరిహద్దులు దాటుతూ డబ్బు తగలేసేవాళ్లను చూశాను. వాళ్ల మనసు అర్థమవుతుంది గానీ ఆ ఖర్చు మాత్రం అర్థం కాదు.

6. దారి ఎంచుకోండి

ఉక్రెయిన్ గగనతలం 2022 ఫిబ్రవరి 24 నుంచి పౌర విమానాలకు మూసే ఉంది. కాబట్టి బయటికి రావడం రైల్లోనో బస్సులోనో. కీవ్ నుంచి పోలండ్‌లోని ప్షెమిషిల్‌కు రైలుంది, మోల్డోవా రాజధాని కిషినావ్‌కూ ఉంది. ఇస్తాంబుల్ వెళ్లే మనిషి ప్షెమిషిల్, వార్సా మీదుగా పోతే షెంజెన్ సంచిలోంచి ఒకటి రెండు రోజులు పోతాయి. కిషినావ్ మీదుగా పోతే ఒక్కటీ పోదు. ఏడాదికి నాలుగుసార్లు ఇంటికెళ్లి వచ్చేవాళ్లకు రానుపోను కలిపి ఎనిమిది నుంచి పదహారు రోజుల దాకా తేడా వస్తుంది.

షెంజెన్ ఎయిర్‌పోర్టులో విమానం మారేటప్పుడు బయటికి రాకుండా అంతర్జాతీయ ట్రాన్సిట్ ప్రాంతంలోనే ఉంటే రోజు పోదు. విడివిడి టికెట్లు కొని, బ్యాగ్ తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే లోపలికి వచ్చినట్టే. చవక టికెట్ కొనేటప్పుడు ఇది చూసుకోండి.

7. సరిహద్దు దగ్గర

2025 అక్టోబర్ 12 నుంచి షెంజెన్ సరిహద్దుల్లో ఈఈఎస్ అనే కొత్త వ్యవస్థ దశలవారీగా వచ్చింది. వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకుని రాకపోకల తేదీలు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. పాత రోజుల్లో స్టాంపు మసకగా పడి బయటపడ్డవాళ్లుండేవారు. ఇప్పుడు రోజులు మిషన్ లెక్కపెడుతుంది. మొదటిసారి నమోదుకు టైం పడుతుంది కాబట్టి కనెక్షన్ విమానానికి మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి.

అధికారి అడిగేవి నాలుగే: ఎందుకొచ్చారు, ఎక్కడ ఉంటారు, ఎప్పుడు వెళ్తారు, డబ్బుందా. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, బ్యాంక్ బ్యాలెన్స్ ఫోన్‌లో ఆఫ్‌లైన్‌లో ఉంచుకోండి, ఒక ప్రింటూ తీసుకోండి. “ఏం పని చేస్తారు” అంటే ఉన్నది ఉన్నట్టు: “ఫ్రీలాన్స్ డిజైనర్‌ని, క్లయింట్లు ఇక్కడివాళ్లు కాదు, ఫలానా తేదీన వెళ్లిపోతున్నాను.” నిరుద్యోగిని అని చెప్పి బ్యాగ్‌లో రెండు లాప్‌టాప్‌లు పెట్టుకున్న మనిషిని ఎవరైనా అనుమానిస్తారు.

ఈటియాస్ పేరుతో ఇంకోటి రాబోతోంది. వీసా అక్కర్లేని దేశాలవాళ్లు, ఉక్రెయిన్ వాళ్లతో సహా, ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. 2026 చివరి మూడు నెలల్లో మొదలుపెడతామని చెప్పారు, ఫీజు 20 యూరోలు. యూరోపియన్ యూనియన్ అధికారిక సైట్ తప్ప ఇంకెక్కడా డబ్బు కట్టకండి. అది వచ్చినా 90 రోజుల లెక్క మారదు.

8. పన్ను గురించి రెండు ముక్కలు

ఉక్రెయిన్‌లో మూడో గ్రూపు ఫోప్‌గా 5 శాతం, 2025 నుంచి దానికి తోడు 1 శాతం సైనిక పన్ను కడుతుంటే అన్నీ అయిపోయినట్టు కాదు. ఒక దేశంలో ఏడాదికి 183 రోజులు దాటితే చాలాచోట్ల అక్కడ పన్ను నివాసి అవుతారు. ఇల్లు, పిల్లల స్కూలు అక్కడే ఉంటే కొన్ని దేశాల్లో అంతకన్నా ముందే అవుతారు. మీ నోట్‌బుక్‌లోని రోజుల గడి దీనికీ పనికొస్తుంది. అది చూపించి ఆ దేశ అకౌంటెంట్‌ను ఒక గంట ఫీజు ఇచ్చి అడగండి. బంధువుని అడగొద్దు, నన్ను కూడా.

బయల్దేరే ముందు సరిచూసుకోవడం

వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి చూడండి. తిరుగు టికెట్ తేదీ నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెడితే మొత్తం 90 లోపు ఉందా? నేనైతే 85 దగ్గర ఆపేస్తాను. విమానం రద్దయితే ఆ ఐదు రోజులు కాపాడతాయి. ఆ తేదీకి మూడు నెలలు కలిపితే పాస్‌పోర్ట్ ఇంకా చెల్లుతుందా? తాత్కాలిక రక్షణ ఉంటే, బయట ఉండబోయే రోజులు దాన్ని రద్దు చేయవు కదా? వెళ్లే దేశం నియమాన్ని ఈ వారంలోనే ఆ దేశ విదేశాంగ శాఖ పేజీలో చదివారా, లేక రెండేళ్ల కిందటి వీడియోలో విన్నారా?

లోపలికి వెళ్లాక ఇంకెన్ని రోజులున్నాయో అనుమానం వస్తే సరిహద్దు అధికారిని అడగొచ్చు, చెప్తారు. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

లెక్క తప్పి 90 దాటేసిందని లోపలుండగానే తెలిస్తే, దాక్కోవద్దు, ఇంకో షెంజెన్ దేశం మీదుగా జారుకుందామని చూడొద్దు. మిషన్‌లో తేదీ ఎక్కడైనా ఒకటే. జబ్బు చేసో, విమానం రద్దయ్యో ఆలస్యమైతే ఆస్పత్రి కాగితం, విమాన సంస్థ మెయిల్ పట్టుకుని ఉన్న ఊళ్లోని వలస కార్యాలయానికి 90వ రోజుకు ముందే వెళ్లండి. అనుకోని కారణాలకు గడువు పొడిగించే వీలు చట్టంలో ఉంది. గడువు దాటాక వెళ్తే అదే కాగితానికి సగం విలువ కూడా ఉండదు. జరిమానా పడితే రసీదు తీసుకోండి, ప్రవేశ నిషేధం పెట్టారేమో, ఎన్నాళ్లో రాతపూర్వకంగా అడగండి. అప్పీలుకు ఇచ్చే గడువు కొన్ని రోజులే ఉంటుంది, అది ఆ కాగితం కిందే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.